మందు కొట్టిన చేలో మేత.. పశువుకు ప్రాణాపాయం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి, మిరపకు పురుగుమందుల వాడకం ఎక్కువ. కొట్టిన మందు మొక్కల మీదే ఆగదు. గాలికి గట్టుమీద గడ్డిపైనా పడుతుంది. ఆ గడ్డిని మోపు కట్టి తెచ్చి గేదెకు వేస్తే విషం మేపినట్టే. వాసన పసిగట్టి పశువే వదిలేస్తుందిలే అనుకోవద్దు. ఆకలి మీదున్న పశువు అవేమీ చూడదు.

మందు కొట్టిన చేలో గుంటక తోలాల్సి వస్తే ఎడ్ల మూతికి చిక్కం తప్పక కట్టాలి. పత్తి తీతలయ్యాక గొర్రెలను చేలోకి రానిచ్చేముందు, ఆఖరుసారి ఏ మందు ఎప్పుడు కొట్టిందీ కాపరికి చెప్పాలి. ఆ జీవాలే ఆయన ఆస్తి. మందు కలిపిన బక్కెట్టుతో కుడితి పెట్టొద్దు. పశువులు తాగే తొట్లో, కుంటలో స్ప్రేయరు కడగొద్దు.

ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు కడుపులోకి పోతే నోటివెంట చొంగ, కళ్లవెంట నీరు కారతాయి. పశువు పారుకుంటుంది, వణుకుతుంది, ఆయాసపడుతుంది. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి, లేదా 1962కు ఫోన్ చేయాలి. ఈ మందులకు విరుగుడుగా అట్రోపిన్ ఇంజక్షన్ ఉంది. ఆలస్యమైతే దక్కదు. వాడిన మందు డబ్బా డాక్టరుకు చూపించాలి. గొట్టంతో నూనె, మజ్జిగ పోయొద్దు. మింగలేని పశువుకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంటిమీద మందు పడితే సబ్బునీళ్లతో కడగాలి.

ఏ చేలో ఏ మందు కొట్టామో మనకు తెలుసు. నోరులేని పశువుకు తెలియదు. జాగ్రత్త మనదే.