వీలునామా కేసుల బారిస్టర్ కావాలంటే

1948 సెప్టెంబరు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిపోతున్న రోజులు. నిజాం ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ ఆదేశంతో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారాయి. సొమ్ము చేరిన ఖాతా బ్రిటన్‌లో అప్పటి పాకిస్థాన్ హైకమిషనర్ రహింతులా పేరున ఉంది. కొద్దిరోజులకే నిజాం ఆ బదిలీ తన అనుమతితో జరగలేదని, డబ్బు తిరిగి ఇవ్వాలని కోరారు. ఎవరికివ్వాలో తేలక బ్యాంకు దాన్ని తన దగ్గరే అట్టిపెట్టింది. 1950ల్లో నిజాం వేసిన దావా హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి, పాకిస్థాన్ సార్వభౌమ రక్షణ కోరడంతో ఆగిపోయింది. 1967లో నిజాం కన్నుమూశారు. వడ్డీలతో సొమ్ము మాత్రం పెరుగుతూనే పోయింది.

2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టులో జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు చెప్పేనాటికి అది సుమారు 3.5 కోట్ల పౌండ్లయింది. ఖాతా రహింతులా పేరున ఉన్నా ఆయన దాన్ని ఏడో నిజాం కోసం ట్రస్టుగా మాత్రమే పట్టుకున్నారని, కాబట్టి సొమ్ము నిజాం ద్వారా హక్కు పొందినవారికి, అంటే భారత ప్రభుత్వానికి, నిజాం మనవళ్లు ఇద్దరికి చెందుతుందని న్యాయమూర్తి తేల్చారు.

పేరు ఒకరిది, అసలు హక్కు మరొకరిది. ఆస్తి కూడబెట్టిన మనిషి వచ్చి చెప్పే వీలు లేదు. మిగిలినవి పాత ఉత్తరాలు, టెలిగ్రాములు, బ్యాంకు కాగితాలే. వీలునామాలు, ట్రస్టులు, వారసత్వ ఆస్తుల మీద పనిచేసే బారిస్టర్ రోజూ కూర్చునేది ఇలాంటి కాగితాల ముందే. లా చదువుతున్నవారిలో చాలామంది చూపు కార్పొరేట్ లా మీదో, క్రిమినల్ వాదనల మీదో ఉంటుంది. ఓపిగ్గా చదివే అలవాటు, కుటుంబాల గొడవను సానుభూతితో వినే మనసు ఉన్నవారికి ఈ రంగం బాగా నప్పుతుంది.

బారిస్టర్ పని ఏమిటి?

మన దగ్గర అడ్వకేటు ఒక్కరే క్లయింటుతో మాట్లాడతారు, నోటీసు పంపుతారు, కోర్టులో వాదిస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ పని రెండు వృత్తులుగా చీలింది. కుటుంబం సాధారణంగా ముందు వెళ్లేది సొలిసిటర్ దగ్గరికి. వీలునామా రాయించడం, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) దరఖాస్తు, ఉత్తర ప్రత్యుత్తరాలు అక్కడే జరుగుతాయి. చిక్కు ముదిరితే సొలిసిటర్ కాగితాల కట్టను బారిస్టర్‌కు పంపి అభిప్రాయం అడుగుతారు. కేసు నిలుస్తుందా, ఏ సాక్ష్యం కావాలి, రాజీకి ఎంత దగ్గర ఒప్పుకోవచ్చు అన్నవి బారిస్టర్ రాసిస్తారు. రాజీ కుదరకపోతే కోర్టులో వాదిస్తారు.

ఈ తరహా న్యాయవాదులను 'చాన్సరీ బార్' అంటారు. లండన్‌లో లింకన్స్ ఇన్ చుట్టుపక్కల పాత భవనాల్లో వీరి ఛాంబర్లు ఎక్కువ. పెద్ద కేసుల విచారణ ఫెటర్ లేన్‌లోని రోల్స్ బిల్డింగ్‌లో జరుగుతుంది. ఈ పనిలో కోర్టులో నిలబడే రోజులకంటే బల్ల దగ్గర కూర్చుని రాసే రోజులే ఎక్కువ. చాలా తగాదాలు మధ్యవర్తిత్వంలోనే ముగుస్తాయి. మన ఊళ్లలో పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకోవడం లాంటిదే. తేడా ఏమిటంటే అక్కడ ఇరుపక్షాల బారిస్టర్లు వేర్వేరు గదుల్లో తమ క్లయింట్ల పక్కన ఉంటారు, మధ్యవర్తి గది నుంచి గదికి తిరుగుతుంటారు.

సంతకం దగ్గర మొదలయ్యే కథలు

ఇంగ్లండ్‌లో వీలునామాకు నేటికీ ఆధారం 1837 నాటి విల్స్ యాక్ట్. అందులోని 9వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంటుంది: వీలునామా రాతపూర్వకంగా ఉండాలి, రాసినవారు సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు ఒకే సమయంలో అక్కడ ఉండి ఆ సంతకానికి సాక్షులు కావాలి. మన 1925 నాటి భారత వారసత్వ చట్టం కూడా ఇద్దరు సాక్షులనే అడుగుతుంది కానీ, ఇద్దరూ ఒకేసారి ఉండితీరాలని అనదు. రెండు దేశాల్లో ఆస్తి ఉన్న కుటుంబాలకు ఇలాంటి చిన్న తేడాలే పెద్ద తలనొప్పి తెస్తాయి.

ఒక దంపతుల ఉదంతం చూడండి. 1999లో భార్యాభర్తలిద్దరూ అచ్చం ఒకేలాంటి వీలునామాలు రాయించుకున్నారు. ఒకరి తర్వాత ఒకరికి, ఆ తర్వాత తాము కొడుకులా చూసుకున్న యువకుడికి ఆస్తి వెళ్లాలన్నది ఇద్దరి కోరిక. సొలిసిటర్ పొరపాటున భార్య వీలునామా భర్త చేతికి, భర్తది భార్య చేతికి ఇచ్చారు. ఇద్దరూ చూసుకోకుండా సంతకాలు పెట్టేశారు. 2003లో భార్య చనిపోయినప్పుడు ఎవరూ గమనించలేదు. 2006లో భర్త పోయాక కాగితం తెరిస్తే, ఆయన సంతకం ఉన్నది భార్య వీలునామా మీద! అది చెల్లకపోతే సుమారు 70 వేల పౌండ్ల ఆస్తి సొంత కొడుకులకు వెళ్తుంది. హైకోర్టు, అప్పీలు కోర్టు చెల్లదన్నాయి. 2014లో సుప్రీంకోర్టు మాత్రం రాసినవారి ఉద్దేశం స్పష్టంగా ఉందంటూ వీలునామాను సరిదిద్దింది. 70 వేల పౌండ్ల ఆస్తి మూడు కోర్టులు ఎక్కింది, తీర్పును ఇప్పుడు లా విద్యార్థులు పాఠంగా చదువుతున్నారు.

ఈ రంగంలో చూపు ఎంత నిశితంగా ఉండాలో చెప్పడానికి మరో చిన్న సంగతి. అసలు వీలునామా మూలలో పిన్ను తీసేసిన రంధ్రాలు, క్లిప్పు పెట్టిన తుప్పు మరక కనిపిస్తే ప్రొబేట్ రిజిస్ట్రీ అక్కడే ఆగుతుంది. దానికి ఇంకేదైనా కాగితం జతచేసి ఉండేదా, తర్వాత ఎవరైనా తీసేశారా అని వివరణ అడుగుతుంది. వీలునామా కట్టతో వచ్చినప్పుడు పదాలు చదవడానికి ముందే కాగితాన్ని వెలుతురులో తిప్పి చూసే అలవాటు ఈ లాయర్లకు అందుకే వస్తుంది.

మనసు స్థిమితంగా ఉండి రాశారా అన్నది మరో పెద్ద ప్రశ్న. దీనికి కొలబద్దగా కోర్టులు నేటికీ 1870 నాటి 'బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో' తీర్పునే తీసుకుంటాయి. దెయ్యాలు వెంటపడుతున్నాయని నమ్మిన మనిషి రాసిన వీలునామా అది. ఆ భ్రమకు, ఆస్తి పంచిన తీరుకు సంబంధం లేదు కాబట్టి చెల్లుతుందన్నారు. మతిమరుపు జబ్బులు పెరుగుతున్న ఈ కాలంలో ఆ తీర్పు రోజూ పనికొస్తోంది.

ఇక కన్నబిడ్డకు చిల్లిగవ్వ రాయకపోతే? ఇంగ్లండ్‌లో సొంత ఆస్తిని ఎవరికైనా రాసే స్వేచ్ఛ ఉంది. అయితే 1975 నాటి ఒక చట్టం కింద కొందరు కుటుంబ సభ్యులు, ఆధారపడ్డవారు తగిన పోషణ కోరవచ్చు. ప్రొబేట్ వచ్చిన ఆరు నెలల్లోగా అడగాలి. ఒక తల్లి సుమారు 4,86,000 పౌండ్ల ఆస్తిలో అధికభాగం జంతు సంరక్షణ సంస్థలకు రాసి, ఇల్లు విడిచి వెళ్లిన కూతురికి ఏమీ ఇవ్వలేదు. కింది కోర్టు 50 వేల పౌండ్లు ఇమ్మంది. అప్పీలు కోర్టు 1,43,000కు పెంచింది. 2017లో సుప్రీంకోర్టు మళ్లీ 50 వేలకే తెచ్చింది. ఒకే కుటుంబ కథ వేర్వేరు కోర్టులకు వేర్వేరుగా ఎలా కనిపిస్తుందో చూడాలనుకునే విద్యార్థికి ఇంతకన్నా మంచి కేసు దొరకదు.

దారి ఎలా?

మొదటి మెట్టు డిగ్రీ. న్యాయశాస్త్రంలో పట్టా ఉంటే సరే, వేరే సబ్జెక్టు చదివినవారు లా కన్వర్షన్ కోర్సు చేయాలి. తర్వాత బారిస్టర్ల సంఘాలైన నాలుగు 'ఇన్స్ ఆఫ్ కోర్ట్'లో ఒకదానిలో సభ్యత్వం తీసుకోవాలి: లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్. గాంధీజీ ఇన్నర్ టెంపుల్ సభ్యుడు, అంబేడ్కర్ గ్రేస్ ఇన్ సభ్యుడు. ఆపైన బార్ కోర్సు. ఇన్‌లో జరిగే పది శిక్షణ కార్యక్రమాలకు హాజరై, కోర్సు పాసైతే 'కాల్ టు ది బార్' జరుగుతుంది. పేరు ముందు బారిస్టర్ అని చేరుతుంది.

అయితే అక్కడితో ప్రాక్టీసు మొదలవదు. ఏడాదిపాటు ఒక ఛాంబర్‌లో 'ప్యూపిలేజ్' చేయాలి. మొదటి ఆరు నెలలు సీనియర్ వెంట ఉండి చూస్తూ నేర్చుకోవాలి, తర్వాతి ఆరు నెలలు చిన్న కేసులు సొంతంగా చూడవచ్చు. అసలు గట్టి పోటీ ఇక్కడే. ఏటా బార్ కోర్సులో సుమారు రెండు వేలకు పైగా చేరుతుంటే, ప్యూపిలేజ్‌లు ఐదారు వందల దగ్గరే ఉంటాయి. కోర్సు పూర్తయిన ఐదేళ్లలోపు ప్యూపిలేజ్ మొదలుపెట్టాలి. దాని తర్వాత ఛాంబర్‌లో శాశ్వత స్థానం, అంటే 'టెనెన్సీ' దొరకాలి. బారిస్టర్లలో ప్రతి ఐదుగురిలో నలుగురు సొంతంగా ప్రాక్టీసు చేసేవారే. నెల జీతం ఉండదు, ఫీజులోంచి ఛాంబర్ ఖర్చులు కట్టాలి.

ఖర్చు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. బార్ కోర్సు ఫీజు వేల పౌండ్లలో ఉంటుంది, లండన్ అద్దెలు దానికి అదనం. ఊరట కలిగించే సంగతి ఏమిటంటే నాలుగు ఇన్స్ కలిసి ఏటా మిలియన్ల పౌండ్ల స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. ప్యూపిలేజ్ కాలంలో కనీస భృతి తప్పనిసరి. పేరున్న కొన్ని చాన్సరీ ఛాంబర్లు ప్యూపిల్‌కు ఏడాదికి 60 వేల పౌండ్లకు పైగా ఇస్తాయి. అలాంటి చోట ఒకటో రెండో సీట్లే ఉంటాయి. కాబట్టి స్కాలర్‌షిప్ చేతికి రాకముందే అప్పు చేసి కోర్సులో చేరడం తొందరపాటే అవుతుంది.

మన విద్యార్థులకు తెలియాల్సింది

రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉన్న టంగుటూరి ప్రకాశం 1904లో ఇంగ్లండ్ వెళ్లి, 1907లో బారిస్టర్‌గా తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. ఇప్పుడు అలా కుదరదు. 1961 అడ్వకేట్స్ యాక్ట్ ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదైనవారే ఇక్కడి కోర్టుల్లో వాదించాలి. లండన్ పట్టా ఒక్కటే సరిపోదు. అటువైపు మాత్రం దారి ఉంది. ఇక్కడ అడ్వకేట్‌గా అనుభవం ఉన్నవారు అక్కడి బార్ స్టాండర్డ్స్ బోర్డుకు 'ట్రాన్స్‌ఫరింగ్ లాయర్'గా దరఖాస్తు చేసుకోవచ్చు. అనుభవాన్ని బట్టి శిక్షణలో కొన్ని మినహాయింపులు ఇస్తారు. వీసా సంగతి ప్యూపిలేజ్ దరఖాస్తు నాడే ఛాంబర్‌తో తేల్చుకోవాలి.

తెలుగు తెలిసిన లాయర్‌కు ఈ రంగంలో ఒక ప్రత్యేక అవకాశం ఉంది. బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబానికి అక్కడ ఇల్లు, ఇక్కడ ఊళ్లో పొలం, హైదరాబాద్‌లో ఫ్లాటు ఉండటం మామూలే. అక్కడ 3,25,000 పౌండ్ల పరిమితి దాటిన ఆస్తి మీద సాధారణంగా 40 శాతం వారసత్వ పన్ను. 2025 ఏప్రిల్ నుంచి గత 20 ఏళ్లలో పదేళ్లు అక్కడ నివాసం ఉన్నవారికి ప్రపంచంలో ఎక్కడి ఆస్తినైనా లెక్కలోకి తెచ్చారు. భారత్‌తో 1956 నాటి ఒప్పందం కూడా ఉంది కాబట్టి ఒక్కో కుటుంబానిది ఒక్కో లెక్క.

ఊళ్లో పొలం ఉమ్మడి ఆస్తి అయితే మరో మలుపు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు పుట్టుకతో వాటా ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అయితే 1985 నాటికే పెళ్లయిన కూతుళ్లను రాష్ట్ర సవరణ పక్కన పెట్టింది, కేంద్ర చట్టం పెట్టలేదు. ఇంగ్లిష్ జడ్జికి ఇదంతా విదేశీ చట్టం. నిపుణుల సాక్ష్యంతో రుజువు చేయాల్సిందే. అడంగల్, పట్టాదారు పాసుపుస్తకం, పారీఖత్తు చూసి అర్థం చేసుకోగల అడ్వకేట్ హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉంటూనే అలాంటి నిపుణ అభిప్రాయం ఇవ్వవచ్చు.

ఈ రంగానికి కోటు, విగ్గు మాత్రమే ముఖం కాదనడానికి కార్నీలియా సొరాబ్జీ జీవితమే సాక్ష్యం. ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివిన తొలి మహిళ ఆమె, 1892లో పరీక్ష రాశారు. మహిళలకు బార్ తలుపులు మూసి ఉన్న ఆ కాలంలో, 1904 నుంచి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ తరఫున బెంగాల్, బిహార్, ఒరిస్సా, అస్సాంలలో పరదా చాటు స్త్రీల ఆస్తి హక్కుల కోసం తిరిగారు. పరాయి మగవారితో మాట్లాడే వీల్లేని జమీందారీ వితంతువులకు, మైనర్ వారసులకు ఆమే గొంతు. చివరికి 1923లో లింకన్స్ ఇన్ ఆమెను బారిస్టర్‌గా స్వీకరించింది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంగ్లండ్‌లో ఉన్న విద్యార్థులు మినీ ప్యూపిలేజ్‌కు దరఖాస్తు చేసుకోవాలి. కొద్ది రోజులు ఛాంబర్‌లో కూర్చుని పని చూసే అవకాశం అది. రోల్స్ బిల్డింగ్‌లో చాలా విచారణలకు ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. ఇక్కడ ఉన్నవారు జిల్లా కోర్టులో భాగపంపకాల దావా ఒకటి ఎంచుకుని మొదటి నుంచి వాయిదాలకు వెళ్లి చూడాలి. వీలునామా మీద సాక్షిని అడ్డప్రశ్నలు అడిగే రోజు అసలు మానకూడదు.

1837 నాటి చట్టం కూడా మారే దశలో ఉంది. వీలునామా చట్టాన్ని ఆధునికం చేయాలంటూ ఇంగ్లండ్ లా కమిషన్ 2025 మేలో నివేదిక, ముసాయిదా బిల్లు ఇచ్చింది. ఎలక్ట్రానిక్ వీలునామాలను అనుమతించాలని, పెళ్లి చేసుకుంటే పాత వీలునామా రద్దయ్యే నియమం తీసేయాలని అందులో ఉంది. ఇప్పుడు చదువుతున్నవారు ప్రాక్టీసు మొదలుపెట్టేనాటికి కొత్త తగాదాలు వీటి మీదే రావచ్చు.

నిజాం సొమ్ము తీర్పు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని చదివాక ఒక పేజీలో రెండు అభిప్రాయాలు రాయాలి: మొదటిది నిజాం వారసుల తరఫున, రెండోది పాకిస్థాన్ తరఫున. ఇంగ్లిష్ బార్‌లో తన రంగంలో కేసు వస్తే, పక్షం నచ్చలేదన్న కారణంతో బారిస్టర్ కాదనకూడదు. హైదరాబాద్ విద్యార్థికి రెండోది రాయడమే కష్టంగా ఉంటుంది. ముందు దాంతోనే మొదలుపెట్టాలి.