మూసిన గేటు తెరుచుకుంది

లండన్ చాలా పెద్ద నగరం. అది ఇంగ్లండు దేశానికి రాజధాని. ఒకప్పుడు మన దేశాన్ని ఏలిన తెల్లదొరల ఊరు అది. ఊరి నడుమ థేమ్స్ అనే నది పారుతుంది.

లండన్ జనానికి ఆటలంటే ప్రాణం. ఫుట్‌బాల్ అంటే మరీ ఇష్టం. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే బంతి ఆట. ఆట ఉన్న రోజు జనం తమ జట్టు రంగు కండువా మెడలో వేసుకుంటారు. గుంపులు గుంపులుగా రైలెక్కి మైదానానికి పోతారు. ఆర్సెనల్, చెల్సీ, టాటెన్‌హామ్ అనే పేరుమోసిన జట్లు లండన్‌వే.

ఆ నగరంలో మూడు మైదానాలు లోకమంతా తెలిసినవి. ఫుట్‌బాల్‌కు వెంబ్లీ. టెన్నిస్‌కు వింబుల్డన్. క్రికెట్‌కు లార్డ్స్. ఈ మూడు చోట్లా ఇప్పుడు ఆడవాళ్లు ఆడుతున్నారు. కానీ ఆ చోటు వాళ్లకు ఊరికే దొరకలేదు.

పగలు పని, విరామంలో ఆట

1895 మార్చి 23న లండన్‌లోని క్రౌచ్ ఎండ్ అనే పేటలో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడారు. దాదాపు పదివేల మంది చూడటానికి వచ్చారు. పత్రికలవాళ్లు ఆట గురించి కొంచెం రాశారు. ఆడవాళ్లు వేసుకున్న బట్టల గురించి ఎక్కువ రాశారు.

1914లో పెద్ద యుద్ధం వచ్చింది. మగవాళ్లు యుద్ధానికి పోయారు. ఫ్యాక్టరీలలో పని ఆడవాళ్ల మీద పడింది. వాళ్లు ఫిరంగి గుండ్లు తయారుచేశారు. బరువులు మోశారు. అన్నం తిన్నాక కాస్త తీరిక దొరికితే ఫ్యాక్టరీ ఆవరణలోనే బంతి ఆడారు. అలా ఎన్నో ఫ్యాక్టరీలలో ఆడవాళ్ల జట్లు పుట్టాయి.

ప్రెస్టన్ అనే ఊళ్లో డిక్ కెర్ ఫ్యాక్టరీ ఉండేది. అందులో పనిచేసే ఆడపిల్లల జట్టుకు దేశమంతా పేరు వచ్చింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరంలో ఆ జట్టు ఆడింది. 53 వేల మంది చూశారు. చోటు చాలక వేల మంది బయటే నిలబడ్డారు. టికెట్ల డబ్బు యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల సాయానికి ఇచ్చారు.

గేటు మూశారు

ఇంగ్లండులో ఫుట్‌బాల్ వ్యవహారాలు చూసే పెద్ద సంఘం ఉంది. దాని కార్యాలయం లండన్‌లోనే. 1921 డిసెంబరు 5న ఆ సంఘం పెద్దలు ఒక తీర్మానం చేశారు. ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగిన ఆట కాదన్నారు. వసూలైన డబ్బు అంతా సాయానికి పోవడం లేదని కూడా అన్నారు. సంఘంలో ఉన్న క్లబ్బులేవీ తమ మైదానాలను ఆడవాళ్లకు ఇవ్వకూడదన్నారు.

కొందరు డాక్టర్లు కూడా వంత పాడారు. ఈ ఆట ఆడితే ఆడవాళ్ల ఒళ్లు చెడుతుందని చెప్పారు. ఫిరంగి గుండ్లు మోసినప్పుడు చెడని ఒళ్లు బంతి తంతే చెడుతుందా? ఈ మాట ఆ పెద్దలకు తట్టలేదు.

ఆడవాళ్లు ఆట మానలేదు. పార్కులలో ఆడారు. దొరికిన చోట ఆడారు. కానీ పెద్ద మైదానం లేదు. కూర్చోను చోటు లేకపోతే జనం రారు. జనం రాకపోతే డబ్బు రాదు. డబ్బు లేకపోతే కొత్త పిల్లలకు నేర్పేవాళ్లు ఉండరు. అలా ఆట చిక్కిపోయింది.

ఆ నిషేధం 1971లో పోయింది. అంటే 50 ఏళ్లు నడిచింది. 1921లో ఇరవై ఏళ్ల పిల్ల 1971కి డెబ్బై ఏళ్ల ముసలమ్మ. ఆమె ఆడగల వయసంతా బయటే గడిచిపోయింది.

ఇద్దరు బిడ్డల తల్లి

1948లో ఒలింపిక్ పోటీలు లండన్‌లో జరిగాయి. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి మూడేళ్లే. బాంబులు పడి కూలిన ఇళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. తిండికి రేషన్ ఉంది. కొత్త మైదానం కట్టే స్తోమత లేదు. అందుకని 1923లో కట్టిన వెంబ్లీలోనే పరుగు పందేలు పెట్టారు.

ఆ పందేలకు హాలండు దేశం నుంచి ఫానీ బ్లాంకర్స్ కూన్ వచ్చింది. ఆమెకు 30 ఏళ్లు. ఇద్దరు బిడ్డల తల్లి. పిల్లల్ని చూసుకోక ఈ వయసులో పరుగులేమిటని కొందరు ఆడిపోసుకున్నారు. ఫానీ వాళ్లకు నోటితో జవాబు చెప్పలేదు. కాళ్లతో చెప్పింది. వెంబ్లీలో నాలుగు బంగారు పతకాలు గెలిచింది. సొంత ఊరికి తిరిగి వెళ్లినప్పుడు ఆమెను గుర్రపు బండిలో ఊరేగించారు. ఇరుగుపొరుగువాళ్లు ఒక సైకిలు బహుమతిగా ఇచ్చారు.

సమాన ఆటకు సమాన డబ్బు

వింబుల్డన్‌లో టెన్నిస్ పోటీలు 1877లో మొదలయ్యాయి. మొదట మగవాళ్లకే పెట్టారు. 1884లో ఆడవాళ్లకూ పెట్టారు. 13 మంది ఆడారు. చివరి ఆటలో అక్కాచెల్లెళ్లే ఎదురెదురుగా నిలిచారు. చెల్లెలు మాడ్ వాట్సన్ గెలిచింది.

ఆడనిచ్చారు గానీ డబ్బులో తేడా పెట్టారు. 1968లో గెలిచిన మగవాడికి 2,000 పౌండ్లు ఇచ్చారు. గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌కు 750 పౌండ్లే ఇచ్చారు. ఆమె ఊరుకోలేదు. ఆమె తర్వాతివాళ్లూ ఊరుకోలేదు. అడుగుతూనే ఉన్నారు. 2007లో ఇద్దరికీ సమానంగా ఇచ్చారు.

లార్డ్స్ మైదానం ఎంసీసీ అనే క్లబ్బుది. ఆ క్లబ్బు 1787లో పుట్టింది. రెండు వందల ఏళ్లు దాటినా ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోలేదు. ఇంగ్లండు ఆడవాళ్ల జట్టు కెప్టెన్‌గా చేసిన రేచల్ హేహో ఫ్లింట్ ఏళ్ల తరబడి అడిగింది. మొదట తీర్మానం వీగిపోయింది. 1998లో నెగ్గింది.

2017 జులై 23న అదే లార్డ్స్‌లో ఆడవాళ్ల ప్రపంచ కప్ చివరి ఆట జరిగింది. ఇంగ్లండుతో మన దేశం తలపడింది. మన జట్టు కెప్టెన్ హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్. మనవాళ్లు 9 పరుగుల తేడాతో ఓడారు. అయినా ఆ రోజు మన దేశంలో ఇంటింటా టీవీల ముందు ఆడపిల్లలు కూర్చున్నారు. 2025లో మన ఆడవాళ్లు ప్రపంచ కప్ గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది.

2012లో ఒలింపిక్స్ మళ్లీ లండన్‌కు వచ్చాయి. ఆడవాళ్ల బాక్సింగ్ పోటీ ఒలింపిక్స్‌లో అప్పుడే మొదలైంది. అందులో మణిపూర్‌కు చెందిన మేరీ కోం కంచు పతకం తెచ్చింది. ఆమె అప్పటికే కవలల తల్లి. హైదరాబాదులో ఆట నేర్చిన సైనా నెహ్వాల్ బ్యాడ్మింటన్‌లో కంచు పతకం తెచ్చింది.

వెంబ్లీ నిండింది

పాత వెంబ్లీని పడగొట్టి అదే చోట కొత్తది కట్టారు. అది 2007లో తెరుచుకుంది. అందులో 90 వేల మంది కూర్చోవచ్చు.

2022 జులై 31న అక్కడ ఐరోపా దేశాల ఆడవాళ్ల ఫుట్‌బాల్ పోటీ చివరి ఆట జరిగింది. 87,192 మంది వచ్చారు. తల్లులు కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. ఇంగ్లండు జట్టు 2–1 తేడాతో జర్మనీని ఓడించింది.

ఆటగాళ్లు కప్పు తీసుకుని ఇంటికి పోయి ఊరుకోలేదు. అందరూ సంతకాలు చేసి ఒక ఉత్తరం రాశారు. బడిలో ప్రతి ఆడపిల్లకూ ఫుట్‌బాల్ ఆడే వీలు ఉండాలని దేశాన్ని ఏలేవాళ్లను అడిగారు. 2023లో ప్రభుత్వం బడి ఆటల్లో ఆడపిల్లలకు సమాన అవకాశం ఇస్తామని చెప్పింది.

గేటుకు తాళం వేసింది మనుషులే. తీసిందీ మనుషులే. ఆడవాళ్లు ఆడటం మానకపోబట్టి, అడగటం మానకపోబట్టి ఆ తాళం ఊడింది.

కొత్త మాటలు

నిషేధం – చేయకూడదని ఆపడం
తీర్మానం – సభలో అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం
సభ్యత్వం – సంఘంలో చేరే హక్కు
పౌండు – ఇంగ్లండు డబ్బు

జవాబులు రాయండి

1. డిక్ కెర్ జట్టు ఆడిన ఆటకు వచ్చిన డబ్బు ఎవరికి ఇచ్చారు?
2. 1921లో ఫుట్‌బాల్ సంఘం ఏమని తీర్మానం చేసింది?
3. 1968లో వింబుల్డన్‌లో గెలిచిన మగవాడికీ బిల్లీ జీన్ కింగ్‌కూ ఇచ్చిన డబ్బులో తేడా ఎంత? లెక్క కట్టండి.

కలిసి మాట్లాడుకోండి

మీ ఊరి బడిలో ఆటస్థలం ఉందా? అక్కడ ఆడపిల్లలు ఆడుతున్నారా? ఎన్నో ఏట ఆట మానేస్తున్నారు? ఎందుకు మానేస్తున్నారు? మీరు చిన్నప్పుడు ఏ ఆట ఆడారు? దాన్ని మీ కూతురికి నేర్పారా?