పాత జీపును పొలం బాటకు, పెద్ద రోడ్డుకు సిద్ధము చేయుట

లింగంపల్లి చుట్టుపట్ల రైతుకు నేడొక చిత్రమైన పరిస్థితి ఏర్పడినది. నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు పొలాలున్న చోట మేడలు లేచినవి. ఇక్కడి భూమి అమ్మి సదాశివపేట వైపో, జహీరాబాదు వైపో భూమి కొన్నవారికి ఇల్లొకచోట, సేద్యమొకచోట. నడుమ ముంబాయి రహదారి. రహదారి దిగిన పిమ్మట పొలము వరకు బండ్లబాట. ఈ రెండింటికీ పనికివచ్చునని పాత జీపు కొనదలచు రైతు సోదరుల కొరకు ఈ పాఠము.

జీపు మనకు కొత్త కాదు. 1947లో మహీంద్రా వారు మన దేశమున విల్లీస్ జీపులను బిగించుట మొదలుపెట్టిరి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు జీపును పల్లెలు బాగుగా ఎరిగినవి. ఆ బండి బాటకు పుట్టినది గాని వేగమునకు కాదు.

లెక్క చూడండి. సిజె-3బి జీపుకు క్రౌను నిష్పత్తి 5.38, టైర్లు 6.00-16 కొలతవి. గంటకు 60 కిలోమీటర్లు పోవునపుడు ఇంజను నిమిషమునకు సుమారు 2,400 చుట్లు తిరుగును. 80కి పోవలెనన్న 3,200 చుట్లు. అదే చిన్న గేరుపెట్టె వేసి మొదటి గేరులో నడిపినచో, ఇంజను 37 చుట్లు తిరిగితే గాని చక్రము ఒక చుట్టు తిరగదు. అపుడు ఇంజను వేయి చుట్లు తిరిగినను బండి గంటకు నాలుగు కిలోమీటర్ల లోపే, ఎద్దు నడకన పోవును. బురదలో లాగు బలము ఇందువల్లనే. కావున రహదారిపై ఎడమ ప్రక్కన 60 దాటక పోవుట మంచిది. అవుటర్ రింగు రోడ్డు ఎక్కవద్దు. దాని ప్రక్కనున్న సర్వీసు రోడ్డు చాలును.

బండి కొనుటకు ముందు కాగితములు చూడవలెను. రిజిస్ట్రేషను పుస్తకములో పెట్రోలు అని ఉండి, బండిలో డీజిలు ఇంజను ఉన్న జీపులు అమ్మకమునకు వచ్చుచుండును. అట్టిది ఎంత చౌకయైనను విడిచిపెట్టండి. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు చేసిన రూపును ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఇదే చెప్పినది. ముందర బిగించు ఇనుప గొట్టాల కొమ్ములు ఈ సెక్షనుకు విరుద్ధమని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో తెలిపినది. సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట తనిఖీ చేయించి అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. ఏ మార్పు తలపెట్టినను ముందుగా రవాణా కార్యాలయములో అడిగి తెలుసుకొనండి.

ఇక డబ్బు ఎక్కడ పెట్టవలెను? పెద్ద టైర్లు, వరుస దీపాలు చూచి చాలామంది మోసపోవుదురు. నా అభిప్రాయములో మొదటి రూపాయి బ్రేకుకు పోవలెను. పాత జీపులో మాస్టరు సిలిండరుకు ఒకే గది. ఎక్కడ ఒక్క గొట్టము పగిలినను పెడలు నేలకు దిగి, నాలుగు చక్రాలకూ బ్రేకు పోవును. వెనుక సీటులో పిల్లలు, ముందు ఆగిన లారీ — అపుడు చేయగలిగినది ఏమున్నది? రెండు గదుల సిలిండరులో ఒకవైపు పోయినను మరొకవైపు పనిచేయును. దానిని అమర్చుటకు వీలుపడునేమో తెలిసిన మెకానిక్కును అడగండి. వీలుకాకున్న ఉక్కు గొట్టములు, రబ్బరు గొట్టములు, చక్రాల సిలిండర్లు అన్నియు కొత్తవి వేయించవలెను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును గనుక రెండేండ్లకొకసారి మార్చవలెను.

తరువాత స్టీరింగు. 50 దాటగానే ముందు చక్రాలు గడగడ వణకుచున్నచో చాలామంది షాపువారు కొత్త టైర్లు వేయుమందురు. తొందరపడవద్దు. జాకీపై లేపి, చక్రమును పైన, క్రింద పట్టుకొని ఊపండి. ఆట ఉన్నచో చక్రపు బేరింగులో, కింగుపిన్ను బేరింగులో అరిగినవి. తరువాత కడ్డీల చివరి బంతులు, నడుమనున్న బెల్‌క్రాంకు చూడండి. కమాను పట్టీల బుష్షులు కూడ అరిగి ఉండవచ్చును.

పెద్ద టైర్ల సంగతి. 28 అంగుళముల టైరు తీసి 31 అంగుళములది వేసిన, గేరు బలము పదోవంతు తగ్గును, బ్రేకుకు పని పెరుగును, స్పీడు మీటరు తక్కువ చూపును. కావలసినది ఎత్తు కాదు, పట్టు. పటాన్‌చెరువులో 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ క్షేత్రములో నల్లరేగడి, ఎర్రనేల రెండూ కలవు. మన బాటలు కూడ అంతే. ఎర్రనేల వాన వెలిసిన కొద్దిసేపటికే నడువనిచ్చును. రేగడి టైరు గాళ్లలో మెత్తుకొని చక్రమును గుండ్రాయి చేయును. అక్కడ టైరులో గాలి 28 పౌన్ల నుండి 18కి తగ్గించిన పట్టు దొరకును. అయితే రహదారి ఎక్కుటకు ముందు తిరిగి గాలి నింపవలెను. లేనిచో టైరు వేడెక్కి పగులును. కనుక గాలిపంపు బండిలోనే ఉండవలెను.

నాలుగు చక్రాల గేరు తారురోడ్డుపై వేయరాదు. కళ్లములో బంతి తిప్పునపుడు గుంజ ప్రక్క ఎద్దు మెల్లగా, చివరి ఎద్దు వడిగా నడుచునుగదా. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటె ఎక్కువ దూరము పోవలెను. ఈ గేరు వేసినపుడు రెండు ఇరుసులూ ఒకే వడిన తిరుగవలసి వచ్చును. బురదలో చక్రము జారి ఆ తేడా తీరును. తారుపై జారదు గనుక ఆ బిగువంతయు గేర్లపై పడును.

వేసవిలో రేడియేటరు వెలుపలి రెక్కలలోని దుమ్ము, గడ్డివిత్తనములు నీటితో కడగండి. ఫ్యాను బెల్టు ఒకటి అదనముగ ఉంచుకొనండి. పాత 6 వోల్టుల దీపాలతో రాత్రి రహదారిపై పోవద్దు. 12 వోల్టులకు మార్పించుకొనుట మేలు. ట్రెయిలరుకు వెనుక ఎర్రదీపాలు, మెరుపు పట్టీలు లేనిచో చీకటి పడిన తరువాత దానిని తగిలించనే వద్దు.

వాగు దాటి వచ్చినపుడు డ్రమ్ములలో నీరు నిలిచి, బ్రేకు పట్టదు. పట్టినను ఒకప్రక్కకు లాగును. బాట మీదనే పెడలు తేలికగా నొక్కుచు కొంతదూరము మెల్లగా నడిపి ఆరబెట్టండి. నాలుగు చక్రాలూ సమముగా పట్టుచున్నవని తెలిసిన పిమ్మటనే రహదారి ఎక్కండి.