నీరు పల్లమెరుగు

నీటిని పట్టి నిలపడమే ప్రధానాంశంగా గల ఆటలు చేతిలో ఇమిడే వీడియో గేమ్‌లలో కొన్ని ఉన్నాయి. ఆటగాడు తెరపై నేలను ఒకచోట తవ్వుతాడు. వేరొకచోట గట్టు పోస్తాడు. నీరు పొర్లిపోకుండా కోరిన చోటికి చేరితే గెలుపు అతనిదే. గట్టు తెగితే ఆటను మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇదే సమస్యను నిజమైన నేలపై, లక్షలాది ప్రజల జీవనంతో ముడిపడిన రూపంలో ఎదుర్కొన్న ప్రాంతం గోదావరి డెల్టా.

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో ఈ సీమ మహానది చెంతనే ఉండి కూడా కరవుకాటకాలకు లోనైంది. వరదనీరు పొలాలను ముంచి సముద్రంలో కలిసేది. వాన ముఖం చాటేస్తే పైరు ఎండేది. ఈ దుఃస్థితిని గమనించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ (1803-1899). ఇసుక పునాదిపై చోళులు నిర్మించిన కావేరి కల్లణై ఆయనకు మార్గదర్శకమైంది. 1847లో ధవళేశ్వరం వద్ద ప్రారంభమైన ఆనకట్ట 1852లో పూర్తయింది. వీణెం వీరన్న ఆ నిర్మాణంలో ఆయనకు చేదోడుగా నిలిచాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నడుమనున్న లంకలను కలుపుకొంటూ ఆ కట్టడం సాగింది. దాని స్థానంలో 175 గేట్లతో నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తయింది. నేడు దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

ఆనకట్ట నదిని పూర్తిగా బంధించలేదు. నీటిమట్టాన్ని కాలువల్లోకి పారేటంత ఎత్తుకు మాత్రమే లేపింది. మిగులు నీటిని తనపైనుంచి పొర్లనిచ్చింది. డెల్టాలో నదీతీరం మెరకగాను, తీరానికి దూరంగా పోయేకొద్దీ నేల పల్లంగాను ఉంటుంది. ఏటేటా వరద తెచ్చిన ఒండ్రు ఒడ్డునే ఎక్కువగా పేరుకోవడం ఇందుకు కారణం. అందుచేత సాగునీటి కాలువలను మెరకమీద, మురుగు కాలువలను పల్లంలో తవ్వారు. కాలువ నుండి తూము ద్వారా పొలానికి, పొలం నుండి మురుగు కాలువకు, అక్కడినుండి సముద్రానికి నీరు తనంత తానే నడుస్తుంది. నదీపాయ అడ్డువచ్చిన గన్నవరం వద్ద, వైనతేయ మీదుగా 49 కమానుల అక్విడక్టును కట్టి కాలువను ఆవలి ఒడ్డుకు దాటించారు.

ఈ ఏర్పాటులో నీటిని తెచ్చే కాలువకు గల ప్రాధాన్యమే నీటిని సాగనంపే మురుగు కాలువకూ ఉంది. కాలువ వట్టిపోతే శివారు రైతు వెంటనే గుర్తిస్తాడు. యనమదుర్రు, కౌశిక, తుల్యభాగ వంటి మురుగు కాలువలలో పూడిక పేరుకొన్నా, గుర్రపుడెక్క అల్లుకొన్నా, సార్వా పైరు నీట మునిగేదాకా పలువురి దృష్టి అటు పోదు. సముద్రపు పోటు సమయంలో మురుగు వెనక్కి తన్ని ముంపు మరింత పెరుగుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగుకు విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడంతోపాటు మురుగునీటి ముంపు కూడా అందుకు కారణమైంది.

గట్టుకు సైతం హద్దు ఉంటుంది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఏటిగట్లు పలుచోట్ల తెగి ఊళ్లు మునిగాయి. 2022 జూలైలోనూ ధవళేశ్వరం వద్ద వరద మూడవ హెచ్చరిక స్థాయిని దాటింది.

ఆటలో ఓడినవాడు మరొకసారి ప్రయత్నిస్తాడు. గోదావరి తీరవాసికి ఆ వెసులుబాటు లేదు. గట్టును కాపాడడం, పూడిక తీయడం, మురుగు దారిని ఆక్రమించకుండడం అతడు ఏటా చేయవలసిన పనులు. నీటికి తాను వదలని దారిని నీరే వెదుక్కొంటుందని ఈ డెల్టా చరిత్ర బోధిస్తున్నది.