నిద్రలో పళ్ళు కొరికితే ఏం చేయాలి?

రాత్రిపూట మన హాస్టల్లో కొందరు చిన్నపిల్లలు నిద్రలో పళ్ళు పటపటా కొరుకుతారు. "కడుపులో పురుగులున్నాయి, మోదుగ గింజలు నూరి తాగించండి" అంటారు ఊళ్ళో పెద్దలు. ఆయుర్వేదంలో మోదుగ గింజలు పురుగుల మందే. కానీ మోతాదు మించితే వాంతులవుతాయి. మనంతట మనం తాగించరాదు. పురుగులకైతే బళ్ళలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఉంది. నమిలి మింగాలి.

అయితే పళ్ళు కొరికే వాళ్ళందరికీ పురుగులుండవు. బెంగ, భయం, నిద్ర సరిగా పట్టకపోవడం వల్ల కూడా కొరుకుతారు. చాలామందికి పెద్దయ్యేకొద్దీ అదే తగ్గుతుంది. పొద్దున దవడ నొప్పి, తలనొప్పి ఉంటే మాత్రం వార్డెన్ గారికి చెప్పాలి. పంటి పైపొర అరిగితే మళ్ళీ పెరగదు.

ఇంటిమీద బెంగపెట్టుకున్న తమ్ముళ్ళను ఎక్కిరించకండి. పడుకునేముందు నాలుగు మంచి మాటలు చెప్పండి. అదీ మందే!