తొలినాటి సినిమాశాలలలో వెలుగు, నిప్పు

సినిమాశాలలో దీపము లారిపోగానే అందరి దృష్టియు తెరమీదికి పోవును. వెనుకగోడలోని చిన్న రంధ్రమునుండి వచ్చు వెలుగును వెనుదిరిగి చూచువారు కొద్దిమందియే. ఆ వెలుగు ఎట్లు పుట్టెడిదో, దానిని పూర్వులు ఎట్లు అదుపులో నుంచిరో విద్యార్థులు తెలిసికొనదగిన విషయము. గొప్ప వెలుగునకు గొప్ప వేడిమి తోడుగా వచ్చును. వేడిమి యున్నచోట కాపు ఉండవలెను. ఈ సంగతినే మేమిందు వివరింప దలచితిమి.

1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిసు నగరమున లూమియేర్ సోదరులు రుసుము పుచ్చుకొని ప్రజలకు చలనచిత్రములను చూపిరి. ఫిలిముమీది బొమ్మ ఇంచుమించు ఒక అంగుళము వెడల్పు గలది. దానిని 15 అడుగుల తెరపై చూపవలెనన్న, వెడల్పున 180 రెట్లు, ఎత్తున 180 రెట్లు పెంచవలెను. అనగా వైశాల్యము 32,400 రెట్లు పెరుగును. బొమ్మగుండ వచ్చిన వెలుగు అన్ని రెట్లు పలుచనగును. ఇంటిలోని కిరసనాయిలు దీపము ఇందుకు చాలదని మన విద్యార్థులే లెక్కవేసి చెప్పగలరు.

విద్యుత్తు లేని చోట్ల సున్నపు దీపమును వాడెడివారు. ఆమ్లజని, ఉదజని వాయువులను కలిపి మండించి, ఆ జ్వాలను కాల్చిన సున్నపు ముద్దపై తగిలించినచో, సున్నము కరగక తెల్లగా ప్రజ్వలించును. ఉదజని దొరకనపుడు దానికి మారుగా ఈథరు ఆవిరిని వాడుటయు కలదు. ఈథరు చల్లని గదిలోనే ఆవిరియగును. ఆ ఆవిరికి దూరపు నిప్పైనను అంటుకొనును. 1897 మే 4వ తేదీన పారిసులో ధర్మకార్యార్థము జరిగిన సంతలో, సినిమా దీపమునకు ఈథరు పోయుచుండగా అగ్గిపుల్ల గీయుటచే మంటలు లేచెను. కట్టెలతోను గుడ్డలతోను కట్టిన ఆ పందిరిలో 120 మందికి పైగా మరణించిరి. వారిలో మిక్కిలి మంది స్త్రీలు.

విద్యుత్తు లభించినచోట ఆర్కుదీపము వచ్చెను. రెండు బొగ్గుకడ్డీల కొనలను తాకించి, కొంచెము ఎడముచేసినచో, నడుమ విద్యుత్తు దాటుచు కడ్డీకొనను తెల్లగా మండించును. అచ్చటి వేడిమి 3,000 సెంటీగ్రేడు డిగ్రీలను మించును. కడ్డీలు కాలి తరుగుచుండును గనుక, యంత్రము నడుపువాడు నల్లని అద్దముగుండ చూచుచు వానిని మాటిమాటికి దగ్గరకు జరుపుచుండవలెను. అతడు ఏమరినచో తెర చీకటియగును. మన ఆంధ్రదేశమున గుడారపు సినిమాలు ఊరూర తిరిగిన దినములలో, విద్యుత్తు రాని గ్రామములందు ఆయిలు ఇంజనుచే డైనమోను త్రిప్పి ఈ వెలుగును పుట్టించెడివారు.

ఇంతటి వేడిమి యెదుట నిలిచిన ఫిలిము ఎట్టి పదార్థము? ప్రత్తిని నత్రికామ్లముతో మార్చి చేసిన నైట్రేటు. తనకు కావలసిన ఆమ్లజని తనలోనే యుండుటచే అది గాలి తగులకుండ కప్పినను మండును. నీట ముంచినను మండును. మూకీ చిత్రముల కాలమున సెకనునకు 16 బొమ్మల చొప్పున ఫిలిమును నడపెడివారు. ఒక్కొక్క బొమ్మయు కటకము వెనుక క్షణమాత్రము ఆగి, వెలుగు సోకి, జరిగిపోవలెను. ఇట్లు ఆపుచు జరుపుటకు నాలుగు గాడులుగల మాల్టీసు శిలువ అను చక్రమును, జరుగునపుడు వెలుగును కప్పుటకు తిరుగు రేకును అమర్చిరి. ఫిలిము నడచుచున్నంతసేపు వేడిమి ఒకచోటనే నిలువదు. అది చిక్కుకొని ఆగిన కొన్ని క్షణములలోనే రగుల్కొనును.

కావున బుద్ధిమంతులు ఉపాయములు వెదకిరి. లూమియేర్ సోదరులు దీపమునకు ఫిలిమునకు నడుమ నీటితో నింపిన గాజుబుడ్డి నుంచిరి. అది వెలుగును ఒకచోట కూర్చును, వేడిమిని కొంత పీల్చుకొనును. పగిలినచో వెలుగు చెదరిపోవును గనుక ఫిలిము కాలదు. తరువాతి యంత్రములలో వేగము తగ్గగానే తనంతట పడు రేకును, ఫిలిముచుట్టలకు ఇనుపపెట్టెలను ఏర్పరచిరి. బ్రిటనులో 1909 నాటి చట్టముననుసరించి యంత్రమును నిప్పంటని గదిలో ఉంచవలసి వచ్చెను. మన దేశమున 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము లైసెన్సు లేనిచోట సినిమా చూపరాదని విధించెను.

అయినను గదిని కాపాడిన మాత్రమున జనులు రక్షింపబడరు. 1929 డిసెంబరు 31వ తేదీన స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున గ్లెన్ సినిమాశాలలో పిల్లలకై ఆట జరుగుచుండెను. ఒక ఫిలిముడబ్బానుండి పొగ వెలువడి శాలలోనికి వ్యాపించెను. శాల తగులబడలేదు. కాని భయపడి పరుగెత్తిన పిల్లలకు వెలుపలికి పోవు ద్వారము తెరచుకొనలేదు. ఒకరిపై నొకరు పడి, నలిగి, ఊపిరాడక 71 మంది బాలబాలికలు ప్రాణములు కోల్పోయిరి. నిప్పుకన్న మూసిన తలుపు ఎక్కువ కీడు చేసెను.

1948లో ఈస్టుమన్ కోడక్ సంస్థ సులభముగా మండని ట్రై అసిటేటు ఫిలిమును వెలువరించెను. కొలది యేండ్లలో నైట్రేటు తయారీ నిలిచిపోయెను. 1950 తరువాతి దశాబ్దములలో బొగ్గుకడ్డీల స్థానమును క్సెనాను దీపము లాక్రమించెను. నేడు అనేక శాలలలో ఫిలిము చుట్టలే లేవు. అయినను జనులు గుమిగూడుట మానలేదు. కావున తలుపుల సంగతి పాతబడలేదు.

బాలబాలికలారా! మీరు సినిమాశాలకు గాని, సభాభవనమునకు గాని పోయినపుడు, కూర్చుండకమునుపే వెలుపలికి దారి ఎక్కడనున్నదో, దానికి తాళము వేసియున్నదేమో చూడుడు. తాళమున్నచో పెద్దలతో చెప్పుడు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆ మాటను పిల్లల మాటయని త్రోసివేయకుందురు గాక.