డప్పును ఎందుకు కాగబెడతారు?

నోయిడాలో మా కాలనీ తెలుగువాళ్లం భోగినాడు తెల్లవారకముందే పార్కులో కలుస్తాం. ఒక ఏడాది, ఇక్కడ భవన నిర్మాణ పనులకు వచ్చిన పాలమూరు పెద్దాయన ఒకరు తన డప్పు తెచ్చారు. చుట్టూ దట్టమైన పొగమంచు. మొదటి దెబ్బకు డప్పు తడిసిన అట్టలా 'దబ్' మంది. "మెత్తబడ్డది సార్, జర కాగాలె" అన్నారాయన. కాలుష్య ఆంక్షల వల్ల ఆ ఏడు భోగిమంట లేదు. చివరికి ఎవరింట్లోంచో రూమ్ హీటర్ వచ్చింది. పది నిమిషాలు దాని ముందు అటూ ఇటూ తిప్పి కొట్టేసరికి, అదే డప్పు అవతలి గేటు దాకా కణకణా మోగింది.

ఆ పది నిమిషాల్లో ఏం జరిగింది?

డప్పు అంటే గుండ్రటి చెక్క చట్రానికి ఒకవైపు బిగించిన తోలు. తోలులో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. వాటికి నీరంటే ఇష్టం. పొగమంచులో గాలి తేమ దాదాపు నూరు శాతానికి చేరుతుంది కాబట్టి తోలు ఆ తేమను పీల్చుకుని బరువెక్కుతుంది, సాగి వదులవుతుంది. పొర ఎంత బిగువుగా, ఎంత తేలికగా ఉంటే అంత వేగంగా కంపిస్తుంది. తేమ ఈ రెండింటినీ చెడగొడుతుంది. వేడి తగిలితే నీరు ఆవిరై తోలు తేలికవుతుంది, ముడుచుకుని బిగుసుకుంటుంది. బిగువు రెట్టింపైతే పౌనఃపున్యం సుమారు 1.41 రెట్లు పెరుగుతుంది. బిగించడానికి మరలు లేని వాయిద్యానికి మంటే శ్రుతి మీట. అయితే కాక ఎక్కువైతే తోలు పగులుతుంది. ఎప్పుడు ఆపాలో చెప్పేది వేలితో తట్టి వినే చెవి మాత్రమే.

మరి డప్పులో సా, పా ఎందుకు వినిపించవు? తీగ కంపిస్తే అందులోని స్వరాలు 1, 2, 3, 4 అనే పూర్ణాంకాల వరసలో ఉంటాయి. గుండ్రటి పొర అలా కంపించదు. దాని నిష్పత్తులు 1, 1.59, 2.14, 2.30 ఇలా సాగుతాయి. చెవి వీటిని కలిపి ఒకే స్వరంగా పట్టుకోలేదు. మృదంగం దీన్ని మధ్యలోని నల్లని పూతతో దాటింది. ఆ అదనపు బరువు కంపనాలను దాదాపు పూర్ణాంకాల వరసలోకి తెస్తుంది. ఈ సంగతిని 1920లో శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్'లో రాసింది సి.వి. రామన్. విశాఖపట్నంలో చదువుకున్న కుర్రాడే ఆయన.

ఇక్కడే ఒక పొరపాటు ఆలోచన దొర్లుతుంది. పూర్ణాంకాలుంటే సంగీతం, లేకుంటే మోత అని. డప్పు చేయాల్సిన పని వేరు. ఊరికి చాటింపు వేయాలి, ఊరేగింపును నడిపించాలి. దెబ్బ పడిన క్షణంలోనే ఎన్నో పౌనఃపున్యాలు ఒక్కసారిగా ఎగిసిపడటం ఆరుబయట పనికొచ్చే గుణం. కుడిచేతి సిర్ర మందంగా ఉంటుంది, బరువైన దెబ్బ దానిది. ఎడమచేతి సన్నని సిటికెన పుల్ల తోలును తాకి క్షణంలో వదిలేస్తుంది కాబట్టి పైస్థాయి కంపనాలు రేగుతాయి. ఈ రెంటి మధ్య తేడాతోనే లయ అల్లుకుంటుంది. 'మోత' అనే మాట భౌతికశాస్త్రం నుంచి వచ్చింది కాదని నా అభిప్రాయం. డప్పు కొట్టే చేతులను ఊరు ఎక్కడ నిలబెట్టిందో అక్కడినుంచి వచ్చింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల ఉద్యమం 'దండోరా' పేరునే ఎత్తుకుంది.

ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి. ప్లాస్టిక్ పొర తేమను దాదాపు పీల్చుకోదు, వానలోనూ మోగుతుంది, మరలతో బిగించుకోవచ్చు. కానీ తోలులో పోగుల రాపిడి పైస్థాయి కంపనాలను త్వరగా అణిచివేస్తుంది. ప్లాస్టిక్‌లో అవి కాసేపు నిలిచి, గొంతు కాస్త రేకుడబ్బాలా తోస్తుంది.

మీకు తోలు డప్పు దొరికితే, ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపే ఉచిత యాప్ ఒకటి పెట్టుకుని, కాగబెట్టక ముందూ తర్వాతా ఒకేచోట కొట్టి చూడండి. శిఖరాలు కుడివైపుకి జరుగుతాయి. అరగంట చలిలో ఉంచి మళ్లీ కొట్టండి, అవి వెనక్కి రావడం కనిపిస్తుంది. ఆ భోగినాడు పెద్దాయన కూడా మూడుసార్లు హీటర్ దగ్గరికి వెళ్లొచ్చారు.